సీపాప్ పెట్టుకుంటున్నా పగటి కునుకు ఎందుకు వదలడం లేదు?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. నాన్నగారికి 56 ఏళ్ళు, అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేస్తారు. నిద్ర పరీక్షలో ఏహెచ్ఐ, అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో లేదా సన్నబడిందో చెప్పే లెక్క, 46 వచ్చింది. ఐదు నెలలుగా ఆటో సీపాప్, అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పెట్టి, ఆ ఒత్తిడిని తనే సర్దుకునే మిషన్, వాడుతున్నారు. గురక పోయింది, యాప్‌లో ఏహెచ్ఐ 3 చూపిస్తోంది. అయినా అన్నం తిని కూర్చుంటే కునుకు, బండి మీద ఒకసారి తూలారు. మిషన్ పనిచేయడం లేదా, ప్రెషర్ పెంచాలా, మెలకువగా ఉంచే మాత్రలు ఏమైనా ఉన్నాయా అని మీ ప్రశ్న. రిపోర్టులో వాడకం సగటు 4 గంటల 10 నిమిషాలు, మాస్కు పక్కల నుంచి గాలి లీకు 31, ప్రెషర్ 4 నుంచి 20, 95 శాతం ప్రెషర్ 11.6 అని ఉంది. తెల్లవారుజామున 3కి లేచి గుంటల దగ్గరికి పోతారనీ, తుమ్ములకు రాత్రిపూట లెవోసెట్రిజిన్ వేసుకుంటారనీ కూడా రాశారు.

సూటిగా చెప్పాలంటే: మిషన్ పనిచేస్తోంది. ప్రెషర్ మీరు పెంచొద్దు. మాత్రల సంగతి ఇప్పుడే వద్దు. ఆయన నిద్రలో దాదాపు సగం మాస్కు లేకుండానే గడుస్తోంది, ముందు దాన్ని సరిచేయాలి. తర్వాత లీకు, ఆ తర్వాత ఆ తుమ్ముల మాత్ర. ఈ మూడూ చక్కబడ్డాక కూడా రెండు మూడు నెలల్లో కునుకు తగ్గకపోతే అప్పుడు మిగతా కారణాలు వెతకాలి.

యాప్ చూపించే 3 అనే అంకె అబద్ధం కాదు. కానీ అది మాస్కు ముఖాన ఉన్న గంటలకే వర్తిస్తుంది. మాస్కు తీశాక ఏం జరిగిందో మిషన్‌కు తెలియదు. పదిన్నరకు పడుకుని 3కి లేచి, గుంటలు చూసుకుని వచ్చి మళ్ళీ ఆరున్నర దాకా పడుకుంటున్నారు. వచ్చి పడుకున్నప్పుడు మాస్కు పెట్టుకోవడం లేదన్నమాట. లెక్క వేసి చూడండి: మాస్కుతో 4 గంటలు, గంటకు 3 చొప్పున 12. మాస్కు లేకుండా 3 గంటలు, గంటకు 46 చొప్పున 138. మొత్తం 150ని 7 గంటలకు పంచితే గంటకు 21 పైచిలుకు. 15 నుంచి 30 మధ్య ఉంటే మధ్యస్థ స్థాయి జబ్బు అంటాం. యాప్‌లో 3 చూసి జబ్బు అదుపులో ఉందనుకుంటున్నారు గానీ, రాత్రి మొత్తం మీద చూస్తే ఆయన ఇంకా మధ్యస్థ స్థాయి రోగే.

అసలు సంగతి అంతకంటే అన్యాయంగా ఉండొచ్చు. కలలు వచ్చే దశ, రెమ్ నిద్ర అంటాం, ఎక్కువగా రాత్రి చివరి భాగంలోనే పడుతుంది. ఆ దశలో ఒంట్లో కండరాలు బాగా వదులవుతాయి, గొంతు సులువుగా మూసుకుపోతుంది. చాలామందికి ఊపిరి ఎక్కువసేపు ఆగేదీ, ఆక్సిజన్ బాగా పడిపోయేదీ అప్పుడే. నాన్నగారికి చెప్పాలంటే ఇలా చెప్పండి, ఆయనకు వెంటనే అర్థమవుతుంది: గుంటలో నీళ్ళకు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్లు ఆడిస్తాం కదా, అదే వేళకు ఆయన రక్తంలోనూ పడిపోతోంది, మనం మాత్రం ఏరియేటర్ కట్టేసి పడుకుంటున్నాం.

రాత్రికి 4 గంటలు వాడితే చాలన్న మాట ఎక్కడో విని ఉంటారు. అది అమెరికాలో ఇన్సూరెన్సు వాళ్ళు వాడకం ఉందా లేదా అని చూడటానికి పెట్టుకున్న హద్దు. జబ్బుకు అది సరిపోతుందని అర్థం కాదు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో తీవ్రమైన ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు, ఉన్నవాళ్ళను మూడు నెలల చికిత్స తర్వాత చూశారు. తమకు తాము చెప్పుకునే మత్తు తగ్గడానికి 4 గంటల వరకు, ల్యాబులో కొలిచే మత్తు తగ్గడానికి 6 గంటల వరకు, పగటి పనులు మామూలుగా చేసుకోవడానికి ఏడున్నర గంటల వరకు వాడకం పెరిగేకొద్దీ గుణం పెరుగుతూ పోయింది. కాబట్టి లక్ష్యం 4 కాదు. ఎంతసేపు నిద్రపోతే అంతసేపూ మాస్కు. మధ్యాహ్నం అరగంట నడుం వాల్చినా సరే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది గమనించరు. రిపోర్టుల్లో సగటు రెండు రకాలుగా ఉంటుంది: వాడిన రోజులకు సగటు, మొత్తం రోజులకు సగటు. కల్చర్ చివరికి వచ్చి పట్టుబడి దగ్గరపడ్డప్పుడు చాలామంది గుంట దగ్గర షెడ్డులోనే పడుకుంటారు, మిషన్ ఇంట్లో ఉంటుంది. ఆ రాత్రులు మొదటి సగటులోకి రానే రావు. మీరు పంపిన 4 గంటల 10 నిమిషాలు వీటిలో ఏదో చూసుకోండి. వాడిన రోజుల సగటు అయితే అసలు వాడకం ఇంకా తక్కువ.

ఏం చేయొచ్చు? వీలైతే 3 గంటల రౌండు ఇంకొకరికి అప్పజెప్పాలి, కనీసం రోజు మార్చి రోజు. కుదరకపోతే తిరిగొచ్చి పడుకునేటప్పుడు మాస్కు పెట్టుకోవడం అలవాటు చేయాలి. ఇంట్లో అందరూ చెప్పే కారణం ఒకటే, "ఇంకెంతసేపులే, తెల్లారిపోతుంది గదా" అని. ఆ రెండు మూడు గంటలే ముఖ్యమని పైన చూశారు. మాస్కు తీసినప్పుడు దిండు మీదే పెట్టిపోతే, వచ్చి వాలేటప్పుడు చేతికి తగులుతుంది. రాత్రి మూత్రానికి లేచేవాళ్ళు మాస్కు మొత్తం విప్పకుండా గొట్టం ఒక్కటే ఊడదీసి వెళ్ళొచ్చు, చాలా మాస్కుల్లో మూతి దగ్గర క్లిప్పు దానికే ఉంటుంది.

షెడ్డులో పడుకునే రాత్రులు మిషన్ వెంట తీసుకుపోవాల్సిందే. నేరుగా జనరేటర్‌కు తగిలించకండి, ఓల్టేజీ ఎగిరి అడాప్టర్ పోతుంది. మధ్యలో మంచి ఇన్వర్టర్ ఉండాలి, ప్యూర్ సైన్ వేవ్ రకం అయితే నయం. గాలికి తడి చేర్చే హ్యుమిడిఫయర్ హీటర్‌నూ, వేడి గొట్టం ఉంటే దాన్నీ ఆపేస్తే కరెంటు వాడకం బాగా తగ్గి బ్యాటరీ తెల్లవార్లూ వస్తుంది. సముద్రం దగ్గర గాలిలో తడి ఎలాగూ ఉంటుంది కాబట్టి హీటర్ లేకపోయినా చాలామందికి ముక్కు ఎండదు. కార్తీకంలో వాయుగుండాలు పట్టి కరెంటు రోజుల తరబడి పోయినప్పుడూ ఈ ఏర్పాటే పనికొస్తుంది.

ఇక లీకు. 31 ఎక్కువే. మీరు వాడుతున్న కంపెనీ రిపోర్టులో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ లీకు కింద లెక్క. లీకు వల్ల రెండు నష్టాలు. గాలి కళ్ళలోకి, బుగ్గల మీదికి కొట్టి నిద్ర మాటిమాటికీ చెదురుతుంది. మనిషికి మెలకువ వచ్చినట్టు గుర్తుండదు, నిద్ర మాత్రం ముక్కలవుతుంది. రెండోది, లీకు బాగా ఎక్కువగా ఉన్నప్పుడు మిషన్ ఊపిరి ఆగడాలను సరిగా లెక్కపెట్టలేదు. అంటే మళ్ళీ ఆ 3 అనే అంకెనే పూర్తిగా నమ్మలేం.

లీకుకు నేను ఎక్కువగా చూసే కారణాలు చాలా చిన్నవి. తలకూ ముఖానికీ కొబ్బరినూనె రాసుకుని పడుకోవడం ఒకటి. సిలికాన్ జారిపోతుంది, పట్టీ నిలవదు, ముఖానికి ఆనే సిలికాన్ కుషన్ కూడా తొందరగా మెత్తబడుతుంది. దట్టమైన మీసం ఇంకొకటి. మీసం తీయించమంటే మన ఊళ్ళలో ఎవరూ ఒప్పుకోరు, కాబట్టి కుషన్ అంచు మీసం మీద ఆనని రకం మాస్కు చూడాలి. మూడోది, కూర్చుని మాస్కు బిగించుకోవడం. పడుకుంటే దవడ, బుగ్గలు జారి ఆకారం మారుతుంది. పడుకుని, మిషన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా బిగించాలి. మాస్కును ముఖం నుంచి కొంచెం పైకి లాగి, కుషన్ గాలితో ఉబ్బాక మెల్లగా దించి, కింది పట్టీలు సరిచేసుకోవాలి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. లీకు వస్తోందని ఇంకా ఇంకా బిగిస్తే కుషన్ మడతపడి లీకు పెరుగుతుంది, ముక్కు మీద పుండు పడుతుంది. కుషన్ రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఐదు నెలలుగా అదే కుషన్ అయితే ఒకసారి కొత్తది వేసి చూడండి, చాలాసార్లు లీకు అక్కడితో పోతుంది.

పొద్దున లేవగానే నోరు పిడచకట్టుకుపోతోందా అని అడగండి. అవునంటే ముక్కు మాస్కు వేసుకుని నోటితో గాలి వదిలేస్తున్నారు. దానికి వెంటనే ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్కు కొనేయకండి. ముందు ముక్కు ఎందుకు మూసుకుపోతోందో చూడాలి. తుమ్ములున్నాయన్నారు, అలర్జీ అయ్యుండొచ్చు. ఉప్పు నీళ్ళతో ముక్కు కడుక్కోవడం, డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ స్ప్రే వారం పది రోజులు క్రమం తప్పకుండా కొట్టడం. ఈ రెండింటితోనే చాలామందికి ముక్కు తెరుచుకుంటుంది. స్ప్రే రెండు రోజులు కొట్టి పనిచేయలేదని మానేస్తే ఏ లాభమూ ఉండదు. హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు పోస్తే అడుగున తెల్లటి పొర కడుతుంది. మిగిలిన నీళ్ళు పొద్దున్నే పారబోయాలి.

ఇక్కడే లెవోసెట్రిజిన్ సంగతి. ఇది మత్తు తక్కువ రకమని అంటారు గానీ కొందరికి మర్నాడు మధ్యాహ్నం దాకా మబ్బుగానే ఉంటుంది. డాక్టర్ని అడిగి మత్తు ఇంకా తక్కువుండే ఫెక్సోఫెనాడిన్‌కు మారొచ్చు, లేదా స్ప్రే పనిచేస్తే మాత్రే అక్కర్లేకపోవచ్చు. ఇదొక్కటే కాదు, ఆయన వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒకచోట పెట్టి చూడండి. మెడికల్ షాపులో ఇచ్చే జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్, కాళ్ళ మంటలకు ప్రీగబాలిన్ లేదా గబపెంటిన్, నడుం నొప్పికో తలనొప్పికో అమిట్రిప్టిలిన్, నిద్ర పట్టడం లేదని ఎవరో రాసిన క్లోనాజెపామ్ లేదా అల్ప్రాజొలామ్, బీపీకి క్లోనిడిన్. ఇవన్నీ పగటి మత్తుకు కారణం కాగలవు. నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, రాత్రి మద్యం పుచ్చుకున్నా అంతే. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపొద్దు, ముఖ్యంగా క్లోనాజెపామ్, క్లోనిడిన్ లాంటివి హఠాత్తుగా ఆపితే ప్రమాదం.

ప్రెషర్ మాట. 4 నుంచి 20 అనేది చాలా మిషన్లు పెట్టెలోంచి తీసినప్పుడు ఉండే సెట్టింగు. అంటే దాన్ని ఆయనకు తగ్గట్టు ఇంకా ఎవరూ సవరించలేదు. 95 శాతం ప్రెషర్ 11.6 అంటే రాత్రిలో 95 శాతం సమయం 11.6 లేదా అంతకంటే తక్కువలో గడిచిందని. అవసరం 11 దాకా పోయే మనిషికి 4 దగ్గర మొదలుపెడితే, మిషన్ పైకి ఎక్కేలోపు కొన్నిసార్లు గొంతు మూసుకుంటుంది. కొందరికి 4 దగ్గర గాలి చాలక ఉక్కిరిబిక్కిరి అయి మాస్కు పీకేస్తారు కూడా. కింది హద్దును 7 లేదా 8కి తేవాలా అన్నది మీ డాక్టరు రాత్రివారీ గ్రాఫు చూసి చెప్పాలి. మీరే పెంచొద్దని ఎందుకన్నానంటే, అవసరాన్ని మించితే లీకు పెరుగుతుంది, పొట్టలోకి గాలి పోయి ఉబ్బరిస్తుంది, కొందరికి మెదడు నుంచే ఊపిరి ఆజ్ఞ ఆగే సెంట్రల్ ఆప్నియాలు మొదలవుతాయి. రిపోర్టులో 3 ఉన్నచోట పక్కనే సెంట్రల్ ఎన్ని అని వేరుగా ఉంటుంది, అదీ చూడండి. ఐదు నెలల్లో బరువు పెరిగినా తగ్గినా ప్రెషర్ మళ్ళీ చూసుకోవాలి.

ఇవన్నీ సరిచేశాక ఎంతకాలం ఆగాలి? కొందరికి రెండు వారాల్లోనే తేడా తెలుస్తుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. ఊరికే "బాగుందా" అని అడిగితే ఆయన బాగుందనే అంటారు. ఎప్‌వర్త్ ప్రశ్నలతో కొలవండి. 1991లో ఆస్ట్రేలియాలో తయారైన ఎనిమిది ప్రశ్నల కొలత అది: చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, మీటింగులో కదలకుండా కూర్చున్నప్పుడు, కారులో గంటసేపు పక్క సీట్లో ఉన్నప్పుడు, మధ్యాహ్నం వాలినప్పుడు, ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు, మద్యం తాగకుండా అన్నం తిని కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో బండి కాసేపు ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 24. 10 దాటితే ఎక్కువ మత్తు కిందే లెక్క. ఆయన్నొకసారి, అమ్మగారిని వేరుగా ఒకసారి అడగండి. అమ్మగారు చెప్పే అంకె మూడు నాలుగు ఎక్కువ వస్తే నేను ఆమెదే నమ్ముతాను.

కునుకూ నీరసమూ ఒకటి కాదు, ఇది గట్టిగా అడిగి తేల్చుకోవాలి. అవకాశం దొరికితే నిద్రపోతారా, లేక పడుకున్నా నిద్ర పట్టదు గానీ ఓపిక ఉండదా? రెండోదైతే దారి వేరు. థైరాయిడ్, రక్తహీనత, షుగరు, విటమిన్ బి12, కిడ్నీ, మనసు బాగోలేకపోవడం, వీటిని చూడాలి. రక్తపరీక్షలు చేయిస్తే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్‌తో పాటు బైకార్బొనేట్ కూడా రాయించండి. లావుగా ఉండి, పొద్దున తలనొప్పితో లేస్తూ, బైకార్బొనేట్ 27కి చేరినా దాటినా, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోతోందేమో అనుమానించాలి. నిర్ధారణకు ధమని రక్తంలో గ్యాస్ పరీక్ష చేస్తారు. అలాంటివాళ్ళలో కొందరికి సీపాప్ చాలదు, ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ వేర్వేరు ప్రెషర్ ఇచ్చే బైపాప్ కావాలి. మాస్కు పెట్టుకుని పడుకున్న రాత్రి వేలికి ఆక్సిమీటర్ రికార్డర్ పెడితే ఇది కొంత బయటపడుతుంది, ఎందుకంటే చాలా మిషన్లు గాలి ప్రవాహాన్ని చూస్తాయే తప్ప ఆక్సిజన్‌ను కొలవవు.

నిద్రను చెడగొట్టే కాళ్ళ సంగతి కూడా అమ్మగారినే అడగండి. సాయంత్రం కూర్చుంటే కాళ్ళు లాగుతున్నాయని లేచి తిరుగుతారా, నిద్రలో తంతారా? ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువుంటే ఇలాంటివాళ్ళకు ఐరన్ ఇస్తే గుణం కనిపించొచ్చు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళలో ఈ బాధ మరీ ఎక్కువ.

ఇంత చేసినా కొందరికి మత్తు మిగులుతుంది. ఏళ్ళ తరబడి ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉండడం వల్ల మెదడులో మెలకువగా ఉంచే కణాలు దెబ్బతింటాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. మనుషుల్లోనూ అదే కారణం కావచ్చు. ఆ మాట అనే ముందు మాస్కు పెట్టుకుని ల్యాబులో ఒక రాత్రి పూర్తి పరీక్ష, మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి ఎంత తొందరగా నిద్ర పడుతుందో చూసే పరీక్ష చేయాలి. దాన్ని ఎంఎస్ఎల్‌టీ అంటారు. సగటున 8 నిమిషాల లోపే నిద్రపడితే అది నిజమైన మత్తే, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ లాంటి జబ్బులు ఉన్నాయేమో కూడా అందులో తెలుస్తుంది. ఈ పరీక్షకు మీరు చెన్నై దాకా పోవాల్సి రావచ్చు.

మాత్రల సంగతి అప్పుడు. మోడాఫినిల్, ఆర్‌మోడాఫినిల్ మన దగ్గర దొరుకుతాయి, డాక్టరు చీటీ మీదే కొనాలి, పొద్దున పూటే వేసుకోవాలి. అమెరికాలో 2004 నుంచి సీపాప్ వాడుతున్నా మత్తు పోనివాళ్ళకు మోడాఫినిల్ అనుమతి ఉంది. యూరప్‌లో మాత్రం 2010 సమీక్ష తర్వాత దాన్ని నార్కోలెప్సీకే పరిమితం చేశారు. అక్కడా ఇక్కడా తీర్పు వేరుగా ఉందంటేనే ఆలోచించి వాడాల్సిన మందని అర్థం. బీపీ, గుండె దడ పెరగొచ్చు. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టర్ని కలవాలి. ఆడవాళ్ళలో గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. అన్నిటికంటే పెద్ద తంటా ఏందంటే, మాత్రతో మెలకువగా ఉంటోంది కదా అని చాలామంది మాస్కు వాడకం తగ్గించేస్తారు. మాత్ర కళ్ళు తెరిపిస్తుంది గానీ రాత్రి ఆక్సిజన్ పడిపోకుండా ఆపదు. 4 గంటలు వాడే మనిషికి ఇది రాయడం నాకు ఇష్టం లేదు.

ఈలోగా ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు. బండి మీద ఒకసారి తూలారన్నారు. కునుకు తగ్గిందని డాక్టరు చెప్పేదాకా హైవే ఎక్కి నడపనివ్వకండి. మేతకైనా, సీడుకైనా ఇంకొకరు నడపాలి. తెల్లవారుజామున 2 నుంచి 5, మధ్యాహ్నం 2 నుంచి 4, ఈ రెండు వేళలూ ఎవరికైనా మెలకువ తగ్గేవే. ఆయనకు ఇంకా ఎక్కువ. పక్కన కూర్చుని వెళ్తున్నప్పుడు కునుకు వస్తే పోనివ్వండి, హ్యాండిల్ మాత్రం ఆయన చేతిలో ఉండకూడదు. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం, కిళ్ళీ నమలడం, వీటితో నిద్ర ఆగదు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మిషన్, దాని అడాప్టర్, మెమరీ కార్డు, మాస్కు, మొదట చేసిన నిద్ర పరీక్ష మొత్తం రిపోర్టు, మాత్రల అట్టలు అన్నీ పట్టుకెళ్ళండి. రెండు వారాల పాటు ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచి గుంటల దగ్గరికి వెళ్ళారు, ఎప్పుడొచ్చి వాలారు, పగలు ఎక్కడ కునికారు అన్నది ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. మాస్కు అయితే అక్కడే మంచం మీద పడుకోబెట్టి పెట్టించి చూడమని అడగండి.